కొట్టంలోంచి కదిలిన తెల్లకారు

మా మామయ్య ఎనభైల్లో కొన్న అంబాసిడర్ కారు, ఆయన పోయిన తరువాత జనగామలో మా ఇంటి వెనక గొడ్ల కొట్టంలోనే ఉండిపోయింది. గొడ్లను అంతకుముందే అమ్మేశాం కాబట్టి కొట్టం ఖాళీగా ఉండేది. మా ఆయన సర్కారు బడిలో పంతులు, ఆయనకు మోటారు సైకిలు చాలు. కారును అమ్మేద్దామని ఎవరూ అనలేదు, నడుపుదామని కూడా ఎవరూ అనలేదు. టైర్లలో గాలి మెల్లమెల్లగా దిగి, ఒక వానాకాలం తరువాత చూస్తే అది ఎడమవైపుకు ఒరిగి ఉంది.

దసరాకు మాత్రం దానికి పూజ తప్పేది కాదు. మా అత్తమ్మకు ఒక పద్ధతి ఉండేది: స్నానం చేయని దానికి బొట్టు పెట్టకూడదు. పైపైన కడిగితే సరిపోదు, బానెట్ ఎత్తి ఇంజన్ మీద కూడా బిందెలతో నీళ్లు పోయాలి. ఆ తరువాత పసుపు, కుంకుమ, బంతిపూల దండ, ముందు బంపర్ మీద కొబ్బరికాయ. కదలని కారుకు ఇదంతా ఎందుకని ఎవరైనా అంటే, "కదలకుంటే దేవుడు కాడా? గుళ్లె దేవుడు కదులుతుండా?" అనేది.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సులు డిపోల్లో ఆగిపోయాయి. బడులు మూతపడ్డాయి. బొగ్గు బావుల్లో పని నిలిచింది. మా ఆయన పొద్దున దీక్షా శిబిరానికి పోయి మధ్యాహ్నానికి ఇల్లు చేరేవాడు. నేను అత్తమ్మకు పేపరు చదివి వినిపించేదాన్ని. నేను బడి గడప తొక్కినదాన్ని కాదు, మా నాయిన ఇంట్లోనే పలక మీద దిద్దించి, పురాణాలు చదివించాడు. అందువల్ల పేపరు చదువుతున్నా గొంతు రాగం మీదికి పోయేది. రాస్తారోకో వార్తను పద్యంలా ఎత్తుకోబోయి ఆపుకునేదాన్ని. అత్తమ్మకు అట్లా చదివితేనే బాగుండేదేమో, వద్దనేది కాదు.

అట్లా పేపరు చదువుతుండగానే ఒకరోజు భూపాలపల్లి నుంచి ఫోన్ వచ్చింది. చేసింది మా ఆడబిడ్డ, మా ఆయనకు ఒక్కగానొక్క చెల్లెలు. ఆమె భర్త అక్కడి బొగ్గు బావిలో పనిచేస్తాడు. రెండుసార్లు కడుపు నిలవకుండా పోయాక, ఈసారి ఏడో నెల దాకా వచ్చింది. గర్భసంచి మూతికి కుట్టు వేశారు. వేసిన డాక్టరమ్మ ఉండేది హన్మకొండలో.

మా వైపు తొలి కాన్పుకు ఆడపిల్లను ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పుట్టింటికి తెస్తారు. ఎనిమిదో నెలలో మాత్రం గడప దాటించరు. ఏడో నెల పోవడానికి వారం కూడా లేదు. తొమ్మిదో నెల దాకా ఆగుదామంటే డాక్టరమ్మ ఒప్పుకోలేదు. సమ్మె ఎప్పటికి తెగుతుందో తెలియదు, నొప్పులు ముందే మొదలైతే భూపాలపల్లి నుంచి తన దాకా అందుకోలేరు, ఇప్పుడే పడుకోబెట్టి, కుదుపు లేకుండా, దగ్గరికి తెచ్చుకొమ్మని చెప్పింది. జనగామ నుంచి హన్మకొండకు తిన్నని రోడ్డు, గంట ప్రయాణం.

"అన్నా, నన్ను అమ్మ కాడికి తీస్కపోండ్రి. ఈసారి గూడ గట్లనే అయితే నా వల్ల గాదు" అంది ఆమె. ఫోన్ మా ఆయన చెవి దగ్గరే ఉన్నా, ఆ మాట వాకిట్లో కూర్చున్న అత్తమ్మకు కూడా వినిపించింది.

ఆమె భర్తకు కదలడానికి లేదు. బావిలో నీళ్లు తోడే మోటార్ల దగ్గర డ్యూటీ ఆయనది. సమ్మెలో ఉన్నా ఆ మోటార్లు ఆపితే బావి మునుగుతుంది. రోడ్ల మీద తిరుగుతున్న జీపులకు టాపు మీద కూడా మనుషులే. కిరాయి కార్ల వాళ్లను అడిగితే, అద్దాలు పగులుతాయి, పరకాల దాటి రామన్నారు. మా ఆయన ఊరంతా తిరిగి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"ఇంట్ల కారుండంగ కిరాయికెందుకు తిరుగుతున్నవ్‌రా?" అంది అత్తమ్మ.

"అమ్మా, అది కదలదే."

"దాన్ని ఎవలన్న అడిగిండ్రా, కదులుతవా లేదా అని?"

మా బజారు చివర షెడ్డు పెట్టుకున్న మెకానిక్ ఆ రోజు దీక్షా శిబిరంలో ఉన్నాడు. రోజుకొక కులసంఘమో పనిసంఘమో నిరాహారంగా కూర్చునే రిలే దీక్ష అది, ఆ రోజు మెకానిక్‌ల వంతు. మెడలో దండతో బాసింపట్టు వేసుకుని ఉన్నాడట. మా ఆయన వంగి చెవిలో సంగతి చెబితే, "సారూ, ఇప్పుడు లేస్తే నా దీక్ష తప్పుతది. నిమ్మరసం తాగిపియ్యంగనే సక్కగ మీ ఇంటికే వస్త" అన్నాడు. అన్నట్టే పొద్దు గుంకేవేళకు దండ తీయకుండానే వచ్చి బానెట్ ఎత్తాడు.

"ఏందవ్వా, ఇంజన్‌కు గూడ స్నానం పోసిండ్రా?"

"బొట్టు పెట్టేముంగట పొయ్యమా?"

"ఏటేట పోసిండ్రా?"

"దసరా ఏటేట రాదా?"

"గందుకే గిట్లయింది. బయ్యారం గుట్టను తెచ్చి మీ కొట్టంల పెట్టినట్టున్నది. జూడు సారూ, పూజ ఏడ గట్టిగ జేసిండ్రో ఆడనే తుప్పు గట్టిగున్నది."

అత్తమ్మ దగ్గరికి వచ్చి చూపుడు వేలితో గీరి చూసింది. "తుప్పు గాదురా, గిది కుంకుమ" అంది. కొంత కుంకుమే. మిగతాది తుప్పే. బయ్యారంలో ఇనుపరాయి ఉన్న నేల ఎట్లా ఎర్రగా ఉంటుందో, ముందుభాగమంతా అట్లానే ఉంది. కొబ్బరినీళ్లు కారిన చోట బంపర్ పట్టుకుంటే పెచ్చులుగా చేతికి వచ్చింది.

మా అత్తమ్మకు ఆ పూట అన్నం సయించలేదు. తన భక్తే కారును తిన్నదని ఆమెకు అర్థమైంది కానీ పైకి అనలేదు. నేను పక్కన కూర్చుని, ఇన్నేళ్లుగా ఆ కారును ఒక్కరోజైనా పలకరించింది మీరొక్కరే అన్నాను. అది నిజం కూడా. ఆమె పూజ లేకపోతే మేం ఆ కారును తుక్కుకు వేసి ఉండేవాళ్లం.

మరుసటి పొద్దున పని మొదలైంది. సీట్ల కింద ఎలుకలు గూడు కట్టుకున్నాయి. గూట్లో వైర్ల పీచుతో పాటు బంతిపూల దండల దారాలు కూడా ఉన్నాయి. ఇంజన్ బిగుసుకుపోయింది. మెకానిక్ ప్లగ్గులు ఊడదీసి, ఆ రంధ్రాల్లో ఆముదం పోసి ఒక పూటంతా నాననిచ్చాడు. తరువాత ముందు నుంచి ఇనుప హ్యాండిల్ దూర్చి, మా ఆయనా అతనూ కలిసి అటూ ఇటూ ఊపితే, చాలాసేపటికి లోపల ఏదో ఒక్కసారిగా వదిలింది. బ్రేకులు విప్పి కడిగారు. బ్యాటరీ పక్కింటి ట్రాక్టరుది. టైర్లు ఒక దుకాణదారుడు సగం షట్టరు ఎత్తి ఇచ్చాడు, మళ్లీ దించుకున్నాడు. ఇవన్నీ ఇచ్చిన వాళ్లు ఒక్కరు కూడా, ఈ సమ్మెలో ఎందుకీ పని అని అడగలేదు. ఆడపిల్లను తేవడానికి అంటే చాలు.

రేడియేటర్ కారుతోంది. మెకానిక్, "అవ్వా, జరంత పసుపు తే" అన్నాడు. అత్తమ్మ ముఖం వెలిగింది. పసుపుతో పాటు కుంకుమ, అక్షింతలు, ఊదుబత్తులు పళ్లెంలో పెట్టుకుని వచ్చింది. అతను పసుపు ఒక్కటే తీసుకుని నీళ్లలో కలిపి రేడియేటర్‌లో పోశాడు. సన్నటి పగుళ్లను పసుపు పట్టి మూస్తుందట.

"నువ్వు లోపటికి పొయ్యవట్టె. నేను ఇన్నేండ్లు పైకెల్లి పోస్తి" అంది అత్తమ్మ.

పని ఆగిపోయింది ఒక్క దగ్గర. పెట్రోలును ట్యాంకు నుంచి ఇంజన్‌కు లాగే చిన్న పంపులో రబ్బరు పొర ఎండి చిట్లింది. జనగామలో అది దొరకలేదు, దొరికే దుకాణాలు తెరవలేదు. నేను మా తమ్ముడికి ఫోన్ చేశాను. మా పుట్టిల్లు మహబూబాబాద్, మేం మానుకోట అంటాం. అక్కడ మా పక్కింటివాళ్ల పెరట్లో ఒక పాత అంబాసిడర్ ఉండేది. తమ్ముడు వాళ్లను అడిగి పంపును ఊడదీసుకుని, పల్లెల దారులు పట్టుకుని మోటారు సైకిలు మీద వచ్చాడు. దారిలో కురవిలో దిగి వీరభద్రస్వామికి మొక్కి, విభూతి పొట్లం కూడా తెచ్చాడు. పంపు మెకానిక్ చేతిలో, పొట్లం అత్తమ్మ చేతిలో పెట్టాడు.

ఆ మధ్యాహ్నమే ఇంజన్ అందుకుంది. ముందు నల్లటి పొగ, తరువాత తెల్లటి పొగ. కొట్టం నిండిపోయి అందరం దగ్గుతూ బయటికి వచ్చాం. అత్తమ్మ మాత్రం గుమ్మం దగ్గర నిలబడి తలమీద కొంగు కప్పుకుంది. మామయ్య బయటి నుంచి వచ్చినప్పుడు ఆమె అట్లానే కప్పుకునేది.

ఇక ప్రయాణం. నంబరు ప్లేటు మీద మొదటి రెండు అక్షరాలు గీకి, మెకానిక్ తన చేతితోనే టీజీ అని తెల్లరంగుతో రాశాడు. అప్పట్లో బండ్లన్నిటికీ అట్లానే రాసుకునేవారు. వెనక అద్దాలకు ఎండ పడకుండా అత్తమ్మ తన పాత చీరను చింపి పరదాలు కుట్టింది. చిక్కు మనుషుల లెక్క దగ్గర వచ్చింది. ఆడబిడ్డకు తోడుగా నేను పోవాలి, నడపడానికి మా ఆయన పోవాలి. వచ్చేటప్పుడు ఆమెతో ముగ్గురం అవుతాం. మంచిపని మీద ముగ్గురు పోకూడదు.

"కడుపుల బిడ్డ లెక్కకు రాదానే?" అన్నాడు మా ఆయన.

"పుట్టినంక లెక్క. ఇప్పుడే లెక్కవెట్టి దిష్టి పెట్టకు" అంది అత్తమ్మ.

అట్లా మెకానిక్ కూడా వస్తానన్నాడు. అప్పుడు పోయేటప్పుడు ముగ్గురం అవుతున్నాం. దానికి మందు అందరికీ తెలిసిందే, నాలుగో మనిషిగా ఒక రాయిని కూర్చోబెట్టుకోవాలి. మా తమ్ముడు, "ముందే చెప్తే మానుకోట రాయి తెచ్చేవాన్ని కద బావా. మా రాళ్లను జూస్తే ఎవడూ ఆపడు" అన్నాడు. అంతకుముందు ఏడాది మానుకోట రైలు పట్టాల దగ్గర ఉద్యమంలో రాళ్లు లేచిన సంగతి అప్పటికీ అందరి నోళ్లలో ఉంది. అత్తమ్మ అతన్ని కసిరి, బావి దగ్గరి రాయినే కడిగి బొట్టుపెట్టి వెనక సీట్లో నా పక్కన పెట్టింది.

పోయేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. తెల్లవారకముందే బయలుదేరాం. హన్మకొండ, పరకాల, రేగొండ, అన్ని చోట్లా జనం ఇంకా రోడ్డెక్కలేదు. భూపాలపల్లిలో ఆడబిడ్డ సంచి సర్దుకుని, కాళ్లు ఎత్తులో పెట్టుకుని మంచం మీద పడుకుని ఉంది. రాయిని దించి వాళ్ల తులసి గద్దె పక్కన పెట్టాం. అంబాసిడర్ వెనక సీటు ఒకే పరుపులా ఉంటుంది. ఆమెను అందులో పడుకోబెట్టి తల నా ఒడిలో పెట్టుకున్నాను. ఆమె భర్త కిటికీ దగ్గరికి వంగి, "మెల్లగ పోనియ్యండ్రి బావా" అని ఒక్కమాటే అన్నాడు. మెకానిక్ కూడా మా ఆయనకు ఒక్కటే చెప్పాడు: "సారూ, ఏమన్న గానీ, ఇల్లు చేరేదాక ఇంజన్ బంద్ జేయకుండ్రి."

రేగొండలో మమ్మల్ని ఆపారు. అప్పటికి ఎండ బాగా ముదిరింది. నడిరోడ్డు మీద రాళ్ల పొయ్యిలు పెట్టి వంటావార్పు జరుగుతోంది. పొయ్యిల చుట్టూ ఆడవాళ్లు, ముందు గులాబీ కండువాల పోరగాళ్లు. మా కారును దూరం నుంచి చూడగానే వాళ్లలో కదలిక వచ్చింది. అప్పటిదాకా మాకు తట్టని సంగతి ఒకటుంది. తెల్ల అంబాసిడర్, వెనక పరదాలు. ఆ రోజుల్లో అట్లాంటి కారులో పోయేది ఆఫీసరైనా కావాలి, లీడరైనా కావాలి. పదవికి రాజీనామా చేయని లీడరంటే జనానికి మంట.

"ఎవడ్రా గది? రాజీనామ జేసినోడా, జేయనోడా?"

"పరదాలేసుకొని దాక్కున్నడు! దిగుమనుండ్రి!"

బానెట్ మీద అరచేతులు పడ్డాయి. మా ఆయన తల బయట పెట్టి, "నేను బడిపంతుల్ని అన్నా. నేను గూడ సమ్మెలనే ఉన్న" అన్నాడు.

"పంతులుకు తెల్లకారు ఏడికెల్లి వచ్చింది?"

మెకానిక్ మంచికే అన్నాడు: "జర ఆగుండ్రి, సారు చెప్తుండు గద!"

"సారట! ఇన్నరా? ఏ సారువయ్యా నువ్వు?"

ఒక పోరగాడు కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పి లాక్కున్నాడు. ఇంజన్ ఆగింది. మెకానిక్ రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే ఆడబిడ్డ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "వదినా, కడుపు రాయి లెక్క అయితున్నది" అంది. నేను ఆమె పొట్ట మీద చెయ్యి వేశాను. నిజమే. ఆమె ముందటి రెండుసార్లూ ఇట్లానే మొదలైందని చెప్పి ఉంది. నేను లోపల దేవుని పేర్లు ఒకదాని వెంట ఒకటి అనుకుంటూ పోయాను. పైకి మాత్రం, "ఏం గాదు, కండ్లు మూసుకో" అన్నాను.

పొయ్యి దగ్గర నుంచి వచ్చిన ఒక ముసలామె పరదా తొలగించి లోపలికి చూసింది. దగ్గరి తండా మనిషి, అద్దాల లంగా, చేతుల నిండా తెల్ల గాజులు. చూసి వెనక్కి తిరిగింది.

"లీడరు గాదురా ముండకొడకల్లారా, కడుపుతోటున్న పిల్ల!"

బానెట్ మీద పడ్డ అరచేతులు ఒక్కొక్కటిగా లేచాయి. తాళం లాక్కున్న పోరగాడు తల వంచుకుని వచ్చి మా ఆయన చేతిలో పెట్టాడు. మా ఆయన తిప్పితే స్టార్టరు గుర్రుమంది కానీ ఇంజన్ అందుకోలేదు. మళ్లీ తిప్పాడు. అంతే. వేడికి పంపులో పెట్రోలు ఆవిరైంది, చల్లారితే తప్ప లాగదన్నాడు మెకానిక్. నెట్టుదామంటే కుదుపు పనికిరాదు.

ముసలామె ఇవేమీ పట్టించుకోలేదు. తన భాషలో వెనకవాళ్లతో ఏదో గట్టిగా అంది. ఇద్దరు ఆడవాళ్లు తడిపిన చీర తెచ్చి కారు టాపు మీద పరిచారు. ఇంకొకరు నీళ్లు తెచ్చారు. ముసలామె కారులోకి వంగి ఆడబిడ్డ పొట్ట మీద చెయ్యి ఆనించి, అట్లానే ఉంచింది.

"ఎడమ దిక్కు తిరుగు బిడ్డా. కొంచెం కొంచెం నీళ్లు తాగు. ఆకలైతున్నదా?"

"అయితున్నది అవ్వా" అంది ఆడబిడ్డ ఏడుపు గొంతుతో. పొద్దున భయానికి ఏమీ తినలేదు.

"కడుపు మాడ్సుకుంటే బిడ్డ అలుగదా?"

అప్పుడే దించిన అన్నం, పప్పు విస్తరాకులో వచ్చాయి. నేను ముద్దలు కలిపి పెట్టాను. రోడ్డు మీద నినాదాలు లేవు, అందరూ మావైపే చూస్తున్నారు. ఒకావిడ, "గట్ల మీదవడి చూస్తే దానికెట్ల మింగుడు పడతది? పోండ్రి అవతలికి!" అని మొగవాళ్లను తరిమింది. కొంతసేపటికి పొట్ట నా చేతి కింద మెత్తబడింది. మళ్లీ గట్టిపడుతుందేమోనని చెయ్యి తీయలేదు. గట్టిపడలేదు. ముసలామె నా వైపు చూసి తల ఊపింది.

మెకానిక్ పంపు మీద తడిగుడ్డ చుట్టి, ఆరినప్పుడల్లా తడుపుతూ ఉన్నాడు. చివరికి హ్యాండిల్ తీసి ముందు దూర్చాడు. తాళం లాక్కున్న పోరగాడు, "నేను కొడ్త, తే అన్నా" అని తీసుకుని, మొదటిసారి తప్పి, రెండోసారి హ్యాండిల్ ఎదురు తన్నితే చెయ్యి విదిలించుకుని, మూడోసారి ఇంజన్‌ను అందుకున్నాడు. ఆడవాళ్లు పొయ్యిల మధ్య దారి ఇవ్వడానికి మండుతున్న కట్టెలను పక్కకు లాగారు. ఉడుకుతున్న గుండిగను నలుగురు ఎత్తి జరిపారు. అదే పోరగాడు మోటారు సైకిలు మీద మాకు ముందు పోతూ, దారిలో ఆపినచోటల్లా, "లీడరు గాదు, మా అక్క!" అని అరుచుకుంటూ హన్మకొండ దాకా వచ్చాడు. పేరు అడుగుదామనుకునేలోపు వెనక్కి తిరిగిపోయాడు. ఇప్పటికీ దీపం పెట్టేటప్పుడు ఆ వీపును తలుచుకుంటాను. ముఖం సరిగ్గా గుర్తు లేదు.

హన్మకొండలో డాక్టరమ్మ కారులోకే వచ్చి చూసింది, ఇంజన్ నడుస్తూనే ఉంది. కుట్టు గట్టిగానే ఉంది, బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోంది, పడుకోబెట్టే తీసుకుపొమ్మంది.

జనగామ చేరేసరికి దీపాలు పెట్టే వేళ. మా ఆయన ఇంటిముందు కారు ఆపి, చాలాసేపు చెయ్యి తాళం మీదే పెట్టుకుని ఉండి, అప్పుడు ఇంజన్ ఆపాడు. అత్తమ్మ దిష్టి నీళ్ల పళ్లెంతో వాకిట్లోకి వచ్చింది. నేను తలుపు తీశాను. ఆడబిడ్డ లేవలేదు.

"నిలవడాలంటే భయమైతున్నదమ్మా. జరసేపు గీడనే ఉంట" అంది.

అత్తమ్మ పళ్లెం నేల మీద పెట్టింది. నన్ను దిగమని, నా చోట్లో కూర్చుని బిడ్డ తలను తన ఒడిలోకి తీసుకుంది. అప్పుడు చూసుకుంటే నా కాళ్లు తిమ్మిరెక్కి నేల ఆనడం లేదు. కారు తలుపు పట్టుకుని నిలబడ్డాను. కొంతసేపటికి ఆడబిడ్డే లేచి కూర్చుని, చెప్పుల కోసం కాలితో తడుముకుని, తల్లి భుజం పట్టుకుని దిగింది. వాకిలి దాటింది, గడప దాటింది. ముందు గదిలో మంచం వేసి ఉంది, పడుకుంది.

ఎనిమిదో నెల అంతా ఆ మంచం మీదే గడిచింది. తొమ్మిదో నెల నిండాక హన్మకొండలో ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే ఏడ్చిందని నర్సు బయటికి వచ్చి చెబితే అత్తమ్మ నమ్మలేదు. తలుపుకు చెవి ఆనించి, తనే విన్నాక, పక్కనున్న నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగి, "నువ్వు గూడ ఇను" అంది.